పళ్ళ కసరత్తు, నా సెలవు

సెలవుకు పోయొచ్చినవాడికి కాస్త ఒళ్ళు వస్తుంది. నాకు ఉన్న ఒళ్ళు కూడా పోయింది. "ఏంది రాజన్నా, ఊర్ల నీకు అన్నం పెట్టలేదా?" అని పొద్దున్నుంచి ఒక్కొక్కరూ అడుగుతున్నారు. ఈ షినాస్ సైట్ రూమ్‌కు నేను కొత్త, మీకెవరికీ సంగతి తెలియదు. విడివిడిగా చెప్పే ఓపిక నాకు లేదు. అందరూ ఉన్నారు, చాయ్ కూడా ఉంది, ఒకేసారి చెప్పేస్తాను. నవ్వాలనుకునేవాళ్ళు నవ్వుకోండి. నావల్ల కాదు.

నేను చేసేది షట్టరింగ్ పని. కాంక్రీటు పోయడానికి చెక్క పలకలు కొట్టేటప్పుడు మొలలు ఎక్కడ పెట్టుకుంటాం? నోట్లోనే. రెండు చేతులకూ పనుంటుంది కాబట్టి నాలుగు మొలలు పళ్ళతో కరిచిపట్టుకుని ఒక్కొక్కటే తీసి కొడతాం. అట్లా రెండేళ్ళు కరిచాక ముందుపళ్ళలో ఒకటి కదలడం మొదలైంది. చిగురు వాచింది, దవడంతా సలుపు. సెలవుకు ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయి. పెళ్ళయిన ఆర్నెల్లకే ఇంట్లో నుంచి వచ్చినవాణ్ణి. రెండేళ్ళకు దొరికిన నెల సెలవు. నా భార్యకు నా మొహం గుర్తుందో లేదో అన్న బెంగ ముందే ఉంది, పైగా ముందుపన్ను లేకుండా పోయి నిలబడాలా?

మత్రాలో బజారు వెనక సందులో, మేడ మీద, ఒక చైనా పళ్ళ డాక్టరు ఉన్నాడని ఎవరో చెప్తే శుక్రవారం పోయాను. పెద్దాయన. పుట్టి పెరిగింది బొంబాయిలోనట, హిందీ నాకంటే శుభ్రంగా మాట్లాడతాడు. పన్ను చూపిద్దామని నోరు తెరిస్తే ఆయన నాలుక చూశాడు. తర్వాత రెండు చేతుల నాడీ పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఎంతకీ తెరవడు. నిద్రపోయాడేమో అనుకున్నాను. చివరికి కళ్ళు తెరిచి, రాత్రి ఎన్నిసార్లు ఒంటికి లేస్తావు, నడుం నొస్తుందా, చెవుల్లో మోత ఉందా అని అడిగాడు.

"డాక్టర్ సాబ్, దర్ద్ దాంత్ మే హై," నొప్పి పంట్లో ఉందన్నాను.

"పన్ను ఒంటరిగా ఉండదు," అన్నాడాయన హిందీలో. "పై చిగురు కడుపు మాట వింటుంది, కింది చిగురు పేగుల మాట వింటుంది. పన్నంటే ఎముక కొస. ఎముకలను సాకేవి మూత్రపిండాలు. నీవి అలసిపోయాయి, అందుకే పన్ను కదులుతోంది. పీకడం నాకు ఐదు నిమిషాల పని. పీకితే పన్ను పోతుంది, అలసట పోదు."

నేను అలసిపోయానని ఈ అరబ్బు దేశంలో నాతో అన్న మొదటి మనిషి ఆయనే. అది విన్నాక ఆయన ఏం చెప్పినా చేసేవాణ్ణి. మొలల సంగతి ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

తెల్లారి లేవగానే, ఎవరితోనూ మాట్లాడకముందే, పై పళ్ళతో కింది పళ్ళను ముప్పై ఆరు సార్లు టకటకా కొట్టాలన్నాడు. మధ్యలో ఆగితే మళ్ళీ ఒకటి నుంచి మొదలు. అప్పుడు నోట్లో ఊరేది ఉమ్మేయకూడదు, నోరంతా తిప్పి మూడు గుటకల్లో మింగాలి. ఇంకొకటి, ఒంటికి పోయినప్పుడు పళ్ళు బిగపట్టాలి, ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. మాట్లాడితే లోపలి బలం బయటికి పోతుందట. వాళ్ళ తాత తొంభై ఏళ్ళు దాటాక కూడా బాదం కొరికేవాడని చెప్పి ఏవో మందు వేర్ల పొట్లం చేతిలో పెట్టాడు.

అప్పుడు మేము హమ్రియాలో ఉండేవాళ్ళం, ఒక రూమ్‌లో ఎనిమిది మందిమి. మొదట ఐదారు రోజులు మిద్దె మీదికి పోయి ఎవరూ చూడకుండా చేశాను. చలికాలం కదా, ఒక రోజు గాలి బాగా లేచింది. ఆ గాలిలో నిలబడలేక దుప్పటి కప్పుకుని మంచంలోనే మొదలుపెట్టాను. నేను చేసిన తప్పు అదే.

నాది కింది మంచం. పైమంచం మల్లయ్యది. మాది పక్క పక్క ఊళ్ళు, నాకంటే నాలుగేళ్ళు చిన్న, నన్ను సొంత అన్నలాగా చూస్తాడు. నాకు ఏదీ మెత్తగా చేయడం రాదు. పళ్ళు కొట్టినా సుత్తె కొట్టినట్టే కొడతాను. ఇనుప మంచం కింద నుంచి పైదాకా ఊగింది. అంతకు నెల ముందే ఈ షినాస్ సైట్‌లో పదకొండు మంది మలేరియాతో పడ్డారు, మేము కూడా ఇక్కడ పనిచేసి అక్కడికి పోయినవాళ్ళమే. అందుకని ఎవరికి వణుకు కనబడినా చెప్పాలనీ, జ్వరం ఉన్నవాడు విమానం ఎక్కకూడదనీ కంపెనీ గట్టిగా చెప్పింది.

మల్లయ్య తల కిందికి వంచాడు. "అన్నా, చలి పెడ్తుందా?"

నేను పంతొమ్మిది దగ్గర ఉన్నాను. నోరు తెరిస్తే మళ్ళీ మొదటికి రావాలి. లేదన్నట్టు తల అడ్డంగా ఊపాను. ఆ మసక వెలుతురులో వాడికి తల కూడా వణుకుతున్నట్టు కనబడింది. కిందికి దూకి తన దుప్పటి నా మీద కప్పాడు. పక్క మంచం వాడి దుప్పటి కూడా లాగి కప్పాడు. మూడు దుప్పట్ల కింద ముప్పై ఆరు పూర్తి చేసేసరికి నాకు ఒళ్ళంతా చెమట పట్టింది. వాడు నా నుదురు పట్టి చూశాడు. ముందు చలి, తర్వాత వణుకు, ఆ తర్వాత చెమట. షినాస్‌లో వాడు పదకొండు సార్లు చూసిన వరసే ఇది.

"ఖాసిం భాయ్‌ని పిలుస్త," అని ఉరికాడు.

ఖాసిం భాయ్ హైదరాబాద్ మనిషి, మా రూములకు పెద్ద. నోట్లోది మింగి, అసలు సంగతి చెబుదామని లేచేసరికి ఒంటికి వచ్చింది. చలికాలం పొద్దున ఆగుతుందా? పోయాను. పళ్ళు బిగపట్టాను.

బయట నుంచి ఖాసిం భాయ్ తలుపు కొట్టి, ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. "క్యా హుఆ రే రాజయ్యా? తబియత్ ఖరాబ్ హై క్యా?"

నేను పళ్ళు ఇంకా గట్టిగా బిగించాను.

"అరే, జవాబ్ కైకు నై దేరా?"

ఎట్లా ఇస్తాను? లోపలి బలమంతా పోతుంది కదా.

"అన్నకు మాట పడిపోయింది భాయ్," అని మల్లయ్య ఏడుపు గొంతుతో అనడం లోపలికి వినబడింది.

బయటికి రాగానే అంతా గబగబా చెప్పాను. జ్వరం లేదు భాయ్, మత్రాలో చైనా డాక్టరున్నాడు, పన్నుకూ మూత్రపిండాలకూ సంబంధముంది, ముప్పై ఆరు సార్లు పళ్ళు కొట్టి ఉమ్మి మింగితే ఎముక గట్టిపడుతుంది అని. ఖాసిం భాయ్ చాలా ఓపికగా విన్నాడు. విని మల్లయ్య వైపు తిరిగి, "బుఖార్ సర్‌కు చఢ్ గయా, గాడీ బులా," అన్నాడు. జ్వరం తలకెక్కిందట. చెమట బట్టలతో, చెదిరిన జుట్టుతో నేను చెప్పిన ఆ మాటలు ఇంకెవరైనా చెప్పి ఉంటే నేనూ అదే అనుకునేవాణ్ణి.

ఆస్పత్రిలో వేలు పొడిచి రక్తం తీశారు. ఏమీ కనబడలేదు. ఒక్కసారికి కనబడకపోవచ్చు, మూడు రోజులు ఉంచి చూద్దాం అన్నాడు డాక్టరు. ఆయన తప్పేమీ లేదు, రూమ్ వాళ్ళు చెప్పింది నమ్మాడు. నా విమానం సరిగ్గా మూడో రోజు. నాకు ఒంట్లో ఏమీ లేదని చెప్పడానికి ఆ మూడు రోజులూ కనబడినవాళ్ళందరికీ దండం పెట్టాను. ఒకరు చేదు మాత్రలు ఇచ్చారు, ఒకరు పాలు ఇచ్చారు, ఎవరూ ఇంటికి పొమ్మనలేదు.

మూడో రోజు పొద్దున మల్లయ్య వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, కాళ్ళకు బూట్లు. చూడగానే నాకు అర్థమైంది. సెలవుల వరసలో నా తర్వాతి పేరు వాడిదే. వాడి ముందు కూర్చుని పళ్ళు ముప్పై ఆరు సార్లు కొట్టి, ఆపి, మూడు గుటకలు మింగి చూపించాను. కావాలంటే ఆపగలను, కావాలంటే కొట్టగలను అని మళ్ళీ ఆపి మళ్ళీ కొట్టాను. వాడికి అప్పుడు తెలిసింది. నోటి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"నేను పోనన్నా. నీ సెలవు నాకొద్దు."

"కాయితాలన్నీ నీ పేరు మీద అయినయ్. నువ్వు పోకుంటే సీటు ఖాళీగ పోతది, పో," అన్నాను. కోపం తెచ్చుకోవడానికి కూడా నాకు శక్తి లేదు. నా భార్యకు కొన్న చీర, టేప్‌రికార్డరు వాడి చేతికే ఇచ్చి పంపాను. వాడు ఏడుస్తూ పోయాడు. వాడు పోయాక నేను గోడవైపు తిరిగి ఏడ్చాను. అన్నట్టు, పంటి నొప్పి అప్పటికి పూర్తిగా తగ్గింది.

రూమ్‌కు వచ్చాక ఖాసిం భాయ్ అందరి ముందూ ఆ కసరత్తు చేయించి చూశాడు. అప్పటి నుంచి అది రూమ్‌కు పొద్దుటి వేడుక. నేను పళ్ళు మొదలుపెడితే ఎవడో ఒకడు దుప్పటిలో నుంచే పైకి లెక్కపెట్టేవాడు. నెల తర్వాత మల్లయ్య నాలుగు కిలోలు పెరిగి తిరిగొచ్చాడు. "వదినకు అంత సమజ్ చేసిన అన్నా. అన్నకు రోగం లేదు, రోజూ పళ్ళ కసరత్తు చేస్తడు, రంది పడకు అని చెప్పిన," అన్నాడు. ఇంకో ఇరవై రోజులకు నా వంతు మళ్ళీ వచ్చింది. ఆ మధ్యలో పదిహేను రోజులు నన్ను షినాస్‌కే పంపారు. ఇక్కడి దోమల సంగతి మీకు నేను చెప్పాలా.

పోయే రోజు తెల్లవారుజామున హమ్రియా రూమ్‌లో లేచేసరికి ఎముకల్లో నుంచి చలి. పళ్ళు వాటంతటవే కొట్టుకుంటున్నాయి. నేను ఆపుదామన్నా ఆగడం లేదు. పక్క మంచం వాడు ముప్పై ఆరు దాకా లెక్కపెట్టి, "ఇయ్యాల ఊరికి పోతుండు కదా, డబల్ కొడ్తుండు," అని అటు తిరిగి పడుకున్నాడు. నాకు వచ్చిందేమిటో నాకు తెలుసు. చెప్పాలి. చెబితే సెలవు రెండోసారి పోతుంది. నోరు మూసుకున్నాను. విమానాశ్రయంలో ఒక పోలీసు నన్ను ఎగాదిగా చూసి ఏమైందని అడిగాడు. నాకంటే ముందు ఖాసిం భాయే చెప్పాడు, దాంతోంకా కసరత్ హై సాబ్, చైనా డాక్టర్ బోలా అని. పోలీసు నవ్వి పొమ్మన్నాడు.

బొంబాయి, అక్కడి నుంచి రైలు, బస్సు. మధ్యలో ఒక రోజు బాగుండేది, ఒక రోజు వణికేది. ఇల్లు చేరింది వణికే రోజే. గడపలోనే కూలబడ్డాను. నా భార్య మంచం వాల్చింది, పడుకోబెట్టింది. పక్కనే పీట వేసుకుని కూర్చుంది. మొహంలో కంగారు లేదు. రెండేళ్ళలో నేను తలుచుకున్న మొహం కంటే అందంగా ఉంది. ఏదో చెబుదామంటే దవడ నిలవడం లేదు.

"మాట్లాడకు, మళ్ల ఒకటి కాడికి రావాలె," అంది. "మల్లన్న అంత చెప్పిండు. ముప్పై ఆరు కాంగనే అన్నం పెడ్త."

వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నూట పన్నెండు దాకా లెక్కపెట్టి, అప్పుడు నా మెడ మీద చెయ్యి వేసి జ్వరం చూసింది.