అవ్వ తెచ్చిన తీగె

మొన్న అనంతపురంలో మొక్కలమ్మే చోటికి పోయి దానిమ్మ మొక్కలు చూస్తుంటే, అవన్నీ ఒకే తల్లిచెట్టు నుంచి తీసినవనీ, ఒకదానికీ ఇంకొకదానికీ ఇసుమంత తేడా ఉండదనీ ఆ అమ్మేవాడు గొప్పగా చెప్పుకొచ్చాడు. ఆ చెట్టుకు తెగులొస్తే వీటి గతేమిటప్పా అని అడిగితే నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ నవ్వు మా పెదనాయన నవ్వు.

మాకు చిలమత్తూరు దగ్గర బావి కింద ఆకుతోట ఉండేది. నా ఈడు వాళ్ళకు చెప్పనక్కరలేదు, తమలపాకుకు విత్తనం వేసిన రైతును మనమెవరమూ చూడలేదు. ముదురు తీగెను రెండు మూడు కణుపులకు కోసి, అవిసె మొక్కల పాదుల్లో తడిమట్టిలో పూడిస్తే కణుపు దగ్గర వేరు దిగుతుంది. పైకెక్కి ముసలిదైన తీగెను కిందికి దించి, చుట్ట చుట్టి మట్టి కప్పితే మళ్ళీ పడుచుదవుతుంది. అంటే తోటంతా ఒకే తీగె. మాది మా అవ్వ పెళ్ళై వచ్చేనాడు పుట్టింటి నుంచి తడిగుడ్డలో చుట్టి తెచ్చుకున్నది. ఆ పుట్టింటి తోట ఎప్పుడో ఎండిపోయింది కాబట్టి, కారం తగిలీ తగలకుండా నోట్లో కరిగిపోయే ఆ ఆకు ఇక మా దగ్గరే మిగిలింది.

అరవైలలో ఒక ఏడు, కంబదూరు వైపు కొత్తగా బావి తవ్వుకున్న మా మామ, అమ్మకు తమ్ముడు, తీగె అడగడానికి వచ్చాడు. అడిగినవాడికి లేదనకూడదు, దుడ్లు పుచ్చుకోకూడదు, అది ఆకుతోటల వాళ్ళ కట్టుబాటు. పెదనాయన నవ్వాడు. ఇదే ఆకు నీ తోటలోనూ ఉంటే సంతలో మా గంప వైపు ఎవడు చూస్తాడని ఎగతాళి చేసి, కావాలంటే నాలుగు ఆకులు నమిలి పొమ్మన్నాడు. గడప మీద కూర్చున్న అవ్వ మాత్రం, "ఇయ్యరా, ఈడ పోయినా ఆడన్నా ఉంటాది" అన్నది. మామ ఉత్త చేతులతో పోయాడు.

ఆ ఏడు వాన రాలేదు, మరుసటేడూ రాలేదు. ఎద్దులతో బావినీళ్ళు తోడే కపిల తోలేది నేనే, మోకు పొడిగించుకుంటూ పోయాం. తోలు బానలో నీళ్ళు పోయి బురద వచ్చింది, ఆపైన అడుగున బండకు తగిలిన చప్పుడే వచ్చింది. ఒక పాదులో ఆకులకు పట్టిన పసుపురంగు తోటంతా పాకింది. ఒకే తీగె కదా, ఒకదానికి ఓపిక ఎక్కువ, ఒకదానికి తక్కువ అని ఉండదు, అన్నీ కలిసే తల వాల్చాయి. అవ్వ ఒక ముక్కను ఓటికుండలో పెట్టి, తాను తాగే ముంతలోని నీళ్ళు పోసింది. అదీ నల్లబడింది.

వానలు పడి బావి నిండాక, మళ్ళీ తోట వేయడానికి ఏదో ఒక తీగె అడుగుదామని పెదనాయన నన్ను వెంటబెట్టుకుని కంబదూరు పోయాడు. మామ బావిలో ఆ రెండేళ్ళూ ఊట తగ్గలేదట. ఎక్కడి నుంచో తెచ్చుకున్న మొరటాకు తోట పచ్చగా ఉంది. మామ తిట్టలేదు. "ఆ పొద్దు ఒక మూర తీగె ఇచ్చింటే, ఈ పొద్దు నీ తోటను నేనే తడిగుడ్డలో చుట్టి తెచ్చిచ్చేవాన్ని బావా" అన్నాడు.

ఆ తర్వాత అవ్వ బతికినన్నాళ్ళూ ఉత్త వక్కే నమిలింది. ఇప్పుడు ఆకు ఎక్కడెక్కడి నుంచో బస్సుల్లో వస్తుంది, తీగె కోసం ఒకరి గడపకు ఒకరు రావడం పోయింది. ఆ ఆకు రుచి తెలిసినవాళ్ళు ఇంకెవరున్నారా అని ఊరంతా తలుచుకుని చూశాను. నేనొక్కణ్ణే మిగిలినట్టున్నాను.