అడిగింది మిమ్మల్ని కాదు

మా బాబాయికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఎవరు ఎవర్ని ఏమడిగినా జవాబు తనే చెప్పేస్తాడు. ప్రశ్న తన వైపు రానక్కర్లేదు, చెవిన పడితే చాలు. డాక్టరు మా నాయనమ్మని "నొప్పి ఎక్కడమ్మా" అని అడిగితే, "ఎడమ మోకాలు, మెట్లు దిగేటప్పుడు" అనేవాడు. "అడిగింది మిమ్మల్ని కాదండీ" అని డాక్టరు విసుక్కుంటే, "ఎవరు చెబితేనేం, జవాబు దొరికిందిగా" అనేవాడు. నా చిన్నతనమంతా ఈ రెండు మాటలూ ఒకదాని వెనక ఒకటి వింటూనే పెరిగాను.

ఒకసారి బస్సులో కండక్టరు పక్క సీటాయన్ని "ఎక్కడికి" అన్నాడు. బాబాయి "ఆఖరి స్టాపు" అన్నాడు. ఆ పక్క సీటాయన మెతక మనిషి. కాదనలేక టికెట్టు తీసుకుని, ఆఖరి స్టాపు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చాడట. బాబాయి నిద్రలో కూడా ఊరుకునేవాడు కాదు. ఎవరో తలుపు తట్టి అడిగినట్టు, "ఆయన స్నానం చేస్తున్నారు, కూర్చోండి" అనేవాడు.

ఇలాంటి మనిషి ఏ పిండిమరో పెట్టుకుని ఉంటే బాగుండేది, ఆ చప్పుడులో ప్రశ్నలు వినబడవు. బాబాయి కళ్ళజోళ్ళ కొట్టు పెట్టాడు. వచ్చినవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి, గోడ మీది అక్షరాల పటం చూపించి, "పై వరస చదవండి" అని తనే చదివేవాడు. చీమ తలకాయలంత అక్షరాలున్న ఆఖరి వరస కూడా గడగడా చదివేసి, "మీ చూపు భేషుగ్గా ఉంది" అని పంపించబోయేవాడు. వాళ్ళు గుమ్మానికి గుద్దుకోకుండా ఆపేది మా పిన్ని. బాబాయిని ఏదో పనిమీద వెనకగదిలోకి తోసి, అద్దాలు ఒక్కొక్కటే మార్చి పెడుతూ, వాళ్ళ మొహం విప్పారగానే ఆగేది. నోటితో ఒక్క ప్రశ్న వేసేది కాదు.

పిన్ని సంగతి కూడా చెప్పాలి. పిల్లలతో గలగలా మాట్లాడేది. మాకు కథలు చెప్పేది, మేం నిద్రపోతే మిగతా కథ పిల్లికి చెప్పేది. పెద్దవాళ్ళు నలుగురు కూర్చుని "ఏమ్మా, ఎలా ఉన్నావు" అంటే మాత్రం నవ్వి ఊరుకునేది. ఈలోగా బాబాయి "బాగుంది" అనేవాడు. అసలు వాళ్ళ పెళ్ళి మాటలప్పుడు కూడా అంతేనట. "అమ్మాయీ, అబ్బాయి నచ్చాడా" అని పెద్దలు అడిగితే, "నచ్చాడు" అన్నది పెళ్ళికొడుకే. మా అమ్మ ఆ ముచ్చట తల్చుకున్నప్పుడల్లా, "నోట్లో మాట నోట్లో ఉండగానే లాగేసుకునే మొగుడు. పాపం, ఆ పిల్లని ఒక్కనాడైనా మాట్లాడనిచ్చాడా" అని నిట్టూర్చేది. మేమంతా నిజమే కదా అనుకునేవాళ్ళం.

అలాంటి పిన్ని ఒక రోజు పేపర్లో ప్రకటన ఒకటి తెచ్చి బాబాయి ముందు పెట్టింది. అడవిలో, సరస్సు ఒడ్డున, మౌన ధ్యాన శిబిరం. వారం పాటు ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. "వెళ్దాం" అంది. పెళ్ళయ్యాక ఆమె కోరిన మొదటి కోరిక అదేనట. నిజమేనా అని మేం పిన్నిని అడిగితే, బాబాయి నిజమేనని చెప్పాడు.

"వారం రోజులు మీ బాబాయి నోటికి తాళమా" అంది అమ్మ నాతో. "నువ్వూ వెళ్ళు. ఆవిడ సరదా పాడుచెయ్యకుండా కాపలా కాయి."

అలా నేనూ వెళ్ళాను. ఆ చోటు నిజంగానే కలలో చూసినట్టు ఉంది. చెట్లు ఎంత ఎత్తంటే వాటి కొసలు ఎప్పుడూ పొగమంచులోనే ఉండేవి. సరస్సు నీళ్ళు కదిలేవి కావు. కర్రతో కట్టిన చిన్న చిన్న గదులు, వాటి మధ్య ఎండుటాకుల దారి. ఆ దారిలో అందరూ నిద్రలో నడిచేవాళ్ళలా మెల్లగా నడుస్తున్నారు. మొదటి సాయంత్రం శిబిరం నడిపే పెద్దావిడ మమ్మల్ని కూర్చోబెట్టి నియమం చెప్పింది. మాట్లాడినవాళ్ళ పళ్ళెం పక్కన ఒక తెల్ల గులకరాయి పెడతారు. మూడు రాళ్ళు పడితే మర్నాడు పొద్దున్నే బండెక్కాలి. జంటగా వచ్చినవాళ్ళు జంటగానే ఎక్కాలి.

"ఎవరికైనా సందేహాలున్నాయా" అని అడిగింది.

"లేవు" అన్నాడు బాబాయి. నాకు రెండున్నాయి.

మౌనం మొదలైంది. మూడో రోజుకల్లా నాకు రోజుల లెక్క తప్పింది. తెల్లవారి సరస్సు మీద పొగ లేస్తుంటే, ఆ పొగలోంచి ఒక పడవ ముక్కు కనబడి మాయమయ్యేది. ఆకు రాలడం వినబడేది. పిన్ని ఒడ్డున ఒక రాయి మీద కూర్చునేది. ఎవరూ ఆమెను ఏమీ అడగరు, ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. ఆమె భుజాల బిగువు సడలి, మనిషి అంత హాయిగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. బాబాయి మాత్రం తేలుకుట్టిన దొంగలా తిరిగేవాడు. దానికి తోడు అక్కడి తిండి. రెండు పూటలా ఏవో ఆకులు మరిగించిన సూపు, చూస్తే సరస్సుకీ దానికీ తేడా తెలిసేది కాదు. గుటక వేసినప్పుడల్లా బాబాయి మొహం వంకరపోయేది, వడ్డించే వంటావిడ మొహం చిన్నబోయేది.

మొదటి రాయి ఒక పిట్ట వల్ల పడింది. ఆ అడవిలో ఏదో పిట్ట ఉంది, కూత చివర పైకి లాగి ప్రశ్న అడిగినట్టే కూసేది. అందరం కళ్ళు మూసుకుని కూర్చున్నాం. ధ్యానం మంచి లోతుల్లో ఉంది. పిట్ట ఒకసారి అడిగింది. జవాబు లేదు. మళ్ళీ అడిగింది. మూడోసారి అడిగేసరికి, "ఇక్కడే, సరస్సు పక్కన" అన్నాడు బాబాయి. పిట్టకు చెప్పిన జవాబు లెక్కలోకి వస్తుందో రాదో అని పెద్దావిడ చాలాసేపు ఆలోచించింది. చివరికి రాయి పెట్టింది.

ఆ తర్వాత బాబాయి గట్టిగానే నిలదొక్కుకున్నాడు. అంతలో భోజనాల గది గోడకు ఒక కాగితం అంటించారు. ఆఖరి రోజు మౌనం విడుస్తారు, అందరూ గుండ్రంగా కూర్చుంటారు, ఇక్కడ తమకేం నచ్చిందో ఎవరికి వారు సొంత నోటితో చెప్పాలి. బాబాయి ఆ కాగితం చదివాడు. వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివాడు. మొహంలో రంగు మారింది.

ఆ మధ్యాహ్నమే వంటావిడ గరిటె ఎత్తి, ఎదుటి వరసలో ఉన్న, బ్యాంకులో పనిచేసే ఒకాయన్ని కనుబొమలతో ఇంకా కావాలా అని అడిగింది. "ఆయనకి వద్దు, కడుపు ఉబ్బరం" అన్నాడు బాబాయి, గది దద్దరిల్లేలా. రెండో రాయి పడింది. దాన్ని చూసి బాబాయి సిగ్గుపడలేదు, స్థిమితపడ్డాడు. మూడో దానికోసం మళ్ళీ నోరు తెరుస్తుంటే, నేను చొక్కా పట్టుకుని గేటు బయటికి లాక్కెళ్ళాను. గేటు బయట మాట్లాడితే రాళ్ళు లేవు.

"బాబాయ్, కావాలనే చేస్తున్నావు కదూ."

"అవును" అన్నాడు. తనని అడిగిన ప్రశ్నకు తను జవాబు చెప్పడం వినడం నాకు కొత్త.

"పిన్ని ఎంత హాయిగా ఉందో చూశావా? ఆమెను కూడా బండెక్కించేస్తావా?"

"చూశానమ్మడూ. అందుకే ఆఖరి రోజు ఇక్కడ ఉండకూడదు." ఎండుటాకుల్ని కాలితో పక్కకు నెట్టాడు. "మీ పిన్నికి నత్తి. పిల్లల దగ్గర రాదు, నా దగ్గర రాదు. నలుగురి మధ్యలో ఎవరైనా ప్రశ్న వేసి మొహంలోకి చూస్తే మాట గొంతులో అడ్డం పడిపోతుంది. పెళ్ళి మాటలప్పుడు చూశాను. 'న' దగ్గరే ఆగిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. అవి ఎవరి కంటా పడకముందే నేను 'నచ్చాడు' అనేశాను."

పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ పిన్ని నాకు తెలుసు. ఈ సంగతి తెలియదు. మా అమ్మకూ తెలియదు.

"సరే, పిన్నికి చెప్పావు. డాక్టరుకీ, కండక్టరుకీ, ఊరందరికీ ఎందుకు చెప్పడం?"

"ఆమె ఒక్కదాని తరఫునే చెబితే ఆమెకేమైందని లోకం అడుగుతుంది. అందరి తరఫునా చెప్పాననుకో, నాకేమైందని అడుగుతుంది. అడగనీ. నాకేం పోయింది."

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆయన మీద ఎంత ప్రేమ పొంగిందో చెప్పలేను. "మరి నిద్రలో?" అన్నాను.

"అది అలవాటైపోయింది."

"వెళ్ళిపోదామా అని పిన్నినోసారి అడిగావా?"

"ఎందుకు అడగడం, ఉంటానంటుంది."

"చూశావా, మళ్ళీ నువ్వే చెప్పావు."

వెనక ఆకులు చప్పుడయ్యాయి. పిన్ని ఎప్పుడొచ్చిందో, చెట్టు పక్కన పొగమంచులో నిలబడి ఉంది. అంతా విన్నట్టే ఉంది. గేటు బయటే కదా, మాట్లాడొచ్చు. మాట్లాడలేదు. దగ్గరికొచ్చి బాబాయి పెదవుల మీద వేలు పెట్టింది. కాదన్నట్టు తల ఊపింది. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది.

మిగిలిన రోజులు సరస్సు మీద పొగలాగే జారిపోయాయి. పిట్ట అడుగుతూనే ఉంది. బాబాయి పెదవులు కదిలేవి, మాట బయటికొచ్చేది కాదు. ఒకోసారి ఆ రాయి మీద పిన్ని పక్కన తనూ కూర్చుని నీళ్ళకేసి చూసేవాడు. ఆ ఇద్దరినీ దూరం నుంచి చూస్తుంటే, ఎప్పటినుంచో అక్కడే ఉన్నవాళ్ళలా అనిపించేవారు.

ఆఖరి రోజు గుండ్రంగా కూర్చున్నాం. బ్యాంకాయన తనకు నిద్ర నచ్చిందన్నాడు. నేను పడవ అన్నాను. తర్వాత పెద్దావిడ పిన్ని వైపు తిరిగి, "మీకేం నచ్చిందమ్మా" అంది.

"న..." అంది పిన్ని. ఆగిపోయింది. "న... న..."

బాబాయి రెండు చేతులతో తన మోకాళ్ళు పట్టుకున్నాడు. మెడ మీద నరాలు తేలాయి, నుదుటి మీద చెమట పట్టింది. బస్తాలు మోసేవాళ్ళు కూడా అంత కష్టపడటం నేను చూడలేదు. కానీ నోరు విప్పలేదు. మేమెవ్వరం తొందరపడలేదు. వారం పాటు కదలని నీళ్ళ పక్కన కూర్చున్నవాళ్ళం, ఎదురుచూడటం మాకు వచ్చేసింది. దూరంగా పిట్ట ఏదో అడిగింది. పిన్ని ఊపిరి పీల్చుకుంది.

"నచ్చాడు" అంది. "మా ఆయన నచ్చాడు. అప్పుడు పె... పెద్దలు అడిగితే ఈయనే చెప్పేశారు. నా జవాబు నా దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు చెబుతున్నాను."

పెద్దావిడ గొంతు సవరించుకుని, "మరి మీకేం నచ్చింది" అని బాబాయిని అడిగింది. బాబాయి నోరు తెరిచాడు. ఊరందరి జవాబులూ నాలిక మీదుండే మనిషికి తన జవాబు దొరకలేదు. కళ్ళు తుడుచుకుని, మళ్ళీ తెరిచి, మళ్ళీ మూశాడు.

"ఆయనకి సూపు నచ్చింది" అంది పిన్ని, ఎక్కడా తడబడకుండా.

"అడిగింది మిమ్మల్ని కాదమ్మా" అంది పెద్దావిడ నవ్వుతూ.

"ఎవరు చెబితేనేం, జవాబు దొరికిందిగా."

వంటావిడ మొహం వెలిగిపోయింది. ఒక్క ఉదుటున వంటింట్లోకి వెళ్ళి నిండు గిన్నె తెచ్చి బాబాయి చేతిలో పెట్టి, తాగేదాకా ఎదురుగానే నిలబడింది. బాబాయి పిన్ని వైపు చూశాడు, గిన్నె వైపు చూశాడు, మారు మాట్లాడకుండా అడుగు దాకా తాగాడు.

"ఇంకొంచెం పొయ్యమంటారా బాబూ" అంది వంటావిడ.

"పొయ్యండి" అంది పిన్ని.