రంగు మారని స్ట్రిప్

2022 వేసవి నాటికి కదిరిలోని ఒక చిన్న రక్తపరీక్షల కేంద్రంలో ల్యాబ్ టెక్నీషియన్‌గా నాకు ఏడాది నిండింది. ఆధారం చూపనిదే ఏ మాటనూ ఒప్పుకోకపోవడం కాలేజీ డిబేట్ పోటీలు నాకు నేర్పిన అలవాటు. ఆధారమంటే నా దృష్టిలో యంత్రం చూపే అంకె, స్ట్రిప్ చూపే రంగు. అంతే.

ఒక ఉదయం నారాయణప్ప అనే వేరుశనగ రైతు భార్య ఓబుళమ్మతో వచ్చాడు. పాదంలో ముల్లు దిగిన చోట పుండు నెల దాటినా మానలేదు. ఆయనకు ఆరేళ్లుగా షుగర్. సూదికి భయపడి ఇంట్లోనే యూరిన్ స్ట్రిప్‌తో చూసుకునేవాడు. మూత్రంలో చక్కెర ఉంటే ఆ పట్టీ మీది గడి రంగు మారుతుంది. రెండు నెలలుగా మారకపోవడంతో షుగర్ మాత్రలు మానేశాడు.

“షుగర్ పోయింది పాపా. నువ్వు కాగితం మీద రాసిస్తే ఈమె నోరు మూస్తాది.”

“పోయింటే పుండు యాల మానలేదంట?” అంది ఓబుళమ్మ.

ఆయన మూత్రంలో ముంచిన నా స్ట్రిప్ కూడా రంగు మారలేదు. ‘చక్కెర లేదు’ అని రాయబోతుంటే ఆమె నా చేయి పట్టుకుంది.

“ఆగమ్మా! ఈయప్ప పోసిన చోట చీమలు బారులు కడతాండాయి. చక్కెర లేకుంటే అవి యాలొస్తాయి?”

“చీమలూ నీ మాదిరే, పనిలేక తిరుగుతాండాయి,” అని నారాయణప్ప నవ్వాడు.

నేనూ నవ్వాను. అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. కానీ కలం కదలలేదు. రెండు సాక్ష్యాలు విరుద్ధంగా ఉన్నప్పుడు ఒకదాన్ని వినకుండా కొట్టివేయడం న్యాయమైన వాదన కాదు.

“ఈమధ్య కొత్తగా ఏమన్నా మింగుతాండారా, పెద్దనాయనా?”

“మందేం లేదు. యాంటీఆక్సిడెంట్ బిళ్లలు. మా అల్లుడు తెచ్చిచ్చినాడు. దినానికి నాలుగు చప్పరిస్తా. అవి ఒళ్లంతా నిండితే రోగం యాడ నిలబడతాది?”

సంచిలోంచి ఆయన తీసిన డబ్బా మీద చదివాను. ఎక్కువ మోతాదు విటమిన్-సి. స్ట్రిప్ మీద రంగు పుట్టాలంటే ఆక్సీకరణ జరగాలి. మూత్రంలోకి దండిగా వచ్చిన విటమిన్-సి దాన్నే అడ్డుకుంటుంది. చక్కెర ఉన్నా గడి మౌనంగా ఉండిపోతుంది. చదువుకున్న పాఠమే, సమయానికి నాకు తట్టలేదు.

రక్తం తీయాలనగానే ఆయన లేచి నిలబడ్డాడు.

“ముల్లుకు లేని బయం సూదికా? చెయ్యి సాచు!” అని ఓబుళమ్మ గద్దించింది.

మూడు నెలల సగటు చక్కెరను చెప్పే HbA1c పరీక్ష చేశాం. అది చాలా ఎక్కువగా వచ్చింది. అదే పూట డాక్టరు దగ్గరికి పంపాను. ఇంకొన్ని వారాలు ఆలస్యమైతే కాలి వేలు తీసేయాల్సి వచ్చేదని ఆయన అన్నారట. విటమిన్-సి బిళ్లలు ఆపిన మూడో రోజున స్ట్రిప్ ముదురు రంగుకు తిరిగింది. నారాయణప్ప దాన్ని వెలుతురులో చాలాసేపు పట్టుకొని చూశాడు.

“అంటే ఆ బిళ్లలు ఒంట్లోకే చేరలేదా పాపా?”

“చేరినాయి పెద్దనాయనా. రక్తంలో వాటి మోతాదు కొంతవరకు పెరుగుతాది. ఆపైన చప్పరించినదంతా ఒళ్లు బయటికి తోసేస్తాది. పెరిగినంత మాత్రాన షుగర్ తగ్గదు.”

ఒంట్లో యాంటీఆక్సిడెంట్ పెరిగిందా అనేది ఒక ప్రశ్న, దానివల్ల మేలు జరిగిందా అనేది మరొకటి. మొదటిదానికి జవాబు దొరకగానే రెండోదీ తేలిపోయిందనుకోవడం ఆయన పొరపాటు. స్ట్రిప్ చెప్పిందే ఆఖరి మాట అనుకోవడం నాది.

పుండు మానింది. విత్తనాల అదనుకు నారాయణప్ప తన కాళ్ల మీద చేలోకి దిగాడు.

ఇప్పుడు నమూనా తీసుకునే ముందు, మందు కాదనుకొని ఏమేం మింగుతున్నారో రోగిని అడుగుతాను. తర్వాత పక్కనున్న మనిషి వైపు తిరిగి, “మీరేం గమనించినారు?” అంటాను. ఈ రెండో ప్రశ్న నాకు ఎవరూ నేర్పలేదు. నేను అడగకముందే దానికి జవాబు చెప్పి, తప్పుడు కాగితం మీద సంతకం చేయకుండా నన్ను కాపాడిన ఓబుళమ్మకు కృతజ్ఞురాలిని.