రంగనాయకమ్మ కొంగుముడి

అడిగినవాళ్ళకు రంగనాయకమ్మ లేదనకుండా అన్నీ ఇచ్చేది, ఒక్క మాత్ర తప్ప. కుక్కరిచ్చేది, గొడుగిచ్చేది, ఎవరింట్లోనైనా గ్యాస్‌బండ ఎత్తాలంటే మొగుడు వామన్‌రావును కూడా ఎరువిచ్చేది. తన నడుంనొప్పికి డాక్టరు రాసిన మాత్రలను మాత్రం కొంగున ముడేసుకుని తిరిగేది. కూరగిన్నెల్లా మాత్రలనూ ఇచ్చిపుచ్చుకునే మాదన్నపేట గల్లీలో ఇది ఎవరికీ మింగుడుపడలేదు.

అందరికంటే ఎక్కువ మండింది రాజన్నకు. బడిపిల్లల ఆటో నడిపే మనిషి. ఒక సాయంత్రం స్టెప్నీ ఎత్తబోతే నడుం పట్టేసింది. పొద్దున బండి తీయకపోతే పిల్లల తల్లులు వేరే ఆటో మాట్లాడుకుంటారని అతని భయం.

"అమ్మా, ఒక్క గోలీ ఇయ్యరాదూ!"

"ఇయ్య."

"సగం?"

"పొడి గూడ ఇయ్య. డాక్టరు నా నడుం చూసి రాసిండు, నీది చూసిండా? ఇది తింటే నిద్రొస్తది. నువ్వు పిల్లలను దోల్కపోయెటోనివి. నడు డాక్టర్ దగ్గరికి, నేనొస్త."

"గింత దానికి డాక్టరెందుకు? మస్తు కంజూస్‌వమ్మా నువ్వు!"

"కంజూస్‌నే. గల్లంత డప్పు గొట్టి చెప్పుకో పో!"

రాజన్న చెప్పుకున్నాడు కూడా. అది విని జాలిపడ్డ పక్కింటి కృపాకర్, ఎప్పుడో తనకు మిగిలిపోయిన అలాంటి మాత్రలే తెచ్చిచ్చాడు. కృపాకర్ బక్కమనిషి, అతనికి ఒకటి సరిపోయిందట. తను అతనికి రెండింతలున్నాడు కాబట్టి రాజన్న రెండేసుకున్నాడు. పొద్దున్నే చాయ్‌తో మింగి, గల్లీ మొదట్లో బండి ఆపి పిల్లలను ఎక్కించుకున్నాడు.

నొప్పి పోయింది. దాంతోపాటే గల్లీ కూడా ఎటో పోతున్నట్టనిపించింది. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి, ఇంకా కదలని బండి వెనక సీట్లోంచి స్వీటీ అనే పిల్ల అరుస్తోంది. "అంకుల్ గురక పెడ్తుండు!"

ఎదురుగా, బండికి అడ్డంగా రంగనాయకమ్మ.

"తాళం ఇటియ్యి."

"ఏం గాదమ్మా, నేను..." నాలుక తిరగలేదు.

"అయితే నన్ను తొక్కిచ్చి పో!"

తాళంచెవి కొంగుముడిలో పడింది. ఫోన్ చేస్తే డాక్టరు కేకలేసి, వెంటనే తీసుకురమ్మన్నాడు. తోడుగా మళ్ళీ వామన్‌రావే ఎరువుకు పోయాడు. ఆమె ఒక చేయి నడుం మీద పెట్టుకుని పిల్లలను బడిదాకా నడిపించుకుపోయింది.

రాజన్నకు డాక్టరు వేరే మందు రాశాడు. రాత్రిపూట ఒక్కటే వేసుకోవాలి, కల్లు ముట్టకూడదు, తను చెప్పేదాకా బండి తీయకూడదు. అన్నాళ్ళూ పిల్లలను నడిపించింది రంగనాయకమ్మే. ఆ సంగతి స్వీటీ వచ్చి చెబితేగాని రాజన్నకు తెలియలేదు. "అమ్మమ్మ మా మమ్మీతోని కొట్లాడింది అంకుల్. రాజన్న లేస్తడు, ఇంకో ఆటో మాట్లాడితే ఊకోనన్నది."

రాజన్న మళ్ళీ బండెక్కిన వారానికి కృపాకర్ నొప్పితో తన మెడ పట్టుకుని వచ్చాడు.

"అన్నా, నీ గోలీలు మిగిలినయంట గదా. ఒక్కటియ్యి."

"పొడి గూడ ఇయ్య. ఎక్కు, డాక్టర్ దగ్గరికి పోదాం."

"ఏందన్నా, నువ్వు గూడ కంజూస్‌వైతివి!"

"అయిన. గల్లంత డప్పు గొట్టుకో పో!" అని రాజన్న మెడలో తువ్వాల సర్దుకున్నాడు. దాని కొసకు ఒక ముడి ఉంది.