తొండుపల్లి అన్నకు మేము చెప్పిన సంగీతం

మొన్న ఆదివారం ఆరాధన ముగించుకుని ఇంటికి వచ్చి, ఇంకా కుర్చీలో సర్దుకుని కూర్చోకముందే మా కోడలు తన ఫోను నా చేతిలో పెట్టి, అత్తమ్మా, ఇది మీకు నచ్చే ముచ్చట, చదవండి అంది. సినిమా సంగీతం మీద మక్కువ ఉన్నవాళ్ళంతా చేరిన గ్రూపట అది. ప్రస్తుతం ఎవరెవరు ఏ సినిమా నేపథ్య సంగీతం వింటున్నారో చెప్పండి అని ఒకాయన అడిగితే, ఎక్కడెక్కడి వాళ్ళో వరసగా జవాబులు రాశారు. ఒకరు తమిళ సినిమా పేరు రాస్తే ఇంకొకరు ఇంగ్లీషు సినిమా పేరు రాశారు, కొందరైతే పేరు కూడా రాయకుండా ఆ సంగీతం దొరికే చోటు అంటించి వెళ్ళిపోయారు. కళ్ళజోడు పెట్టుకుని కిందిదాకా చదివాను. అందరూ చెప్పారు గానీ, ఒకరు చెప్పింది ఇంకొకరు విన్నట్టు ఎక్కడా కనబడలేదు. మీరేం రాయరా అని కోడలు అడిగితే తర్వాత చూద్దాంలే అని ఫోను ఇచ్చేశాను. చిన్న ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఒక్కోసారి చాలా వెనక్కి వెళ్ళాల్సి వస్తుందని నా వయసువాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు.

శంషాబాద్‌లో కొత్త విమానాశ్రయం తెరిచిన ఏడాది నాకు మొదటి ఉద్యోగం దొరికింది. అప్పటికి నాకు నలభై దాటాయి. మైలార్‌దేవ్‌పల్లిలో మా ఇంటి ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని చుట్టుపక్కల వాళ్ళ జాకెట్లు కుట్టేదాన్ని, ఆదివారాలు చర్చిలో పాటల బృందంలో పాడేదాన్ని, అంతవరకే నా లోకం. విమానాశ్రయంలో సిబ్బంది ఉడుపులు సరిచేయడానికి కుట్టుగది పెట్టారని, పని తెలిసిన ఆడవాళ్ళు కావాలని ఎవరో చెబితే వెళ్ళాను. పొడుగు ప్యాంట్లు పొట్టి చేయడం, బిగుతైన కోట్లు వదులు చేయడం, ఊడిన గుండీలు కుట్టడం నా పని. పొద్దున్నే బస్సు వచ్చేది. అది మమ్మల్ని ఎక్కించుకుని, శంషాబాద్ ఊళ్ళోంచి తొండుపల్లి దాకా పోయి, అక్కడివాళ్ళను ఎక్కించుకుని, మళ్ళీ వెనక్కి తిరిగి విమానాశ్రయం దారి పట్టేది. ఆ తిరుగుడు నాకు మొదట్లో విసుగనిపించేది. తర్వాత ఆ దారి ఇంకొంచెం పొడుగుంటే బాగుండుననుకున్న రోజులూ ఉన్నాయి.

తొండుపల్లిలో ఎక్కేవాళ్ళలో ఒకాయన ఉండేవాడు. తాతల నాటి నుంచి సేద్యం చేసుకున్న ఇల్లు వాళ్ళది, ఆయనేమో విమానాశ్రయంలో మొక్కలు, పచ్చికలు చూసుకునే పనిలో చేరాడు. నాకంటే రెండుమూడేళ్ళు చిన్నవాడే అయినా నేను అన్నా అనేదాన్ని, ఆయన నన్ను అక్కా అనేవాడు. ఒకరోజు చోటులేక ఆయన పక్కన కూర్చోవలసి వచ్చింది. చెవిలో తీగ పెట్టుకుని, ముందు సీటు కడ్డీ మీద వేళ్ళతో మెల్లగా తాళం వేస్తున్నాడు, కాసేపటికోసారి మీట నొక్కి ఏదో దాటేస్తున్నాడు. పాట రాగానే దాటేస్తున్నావేందన్నా అని అడిగాను, చెవిలోది పైకి కూడా వినబడేంత గట్టిగా పెట్టుకున్నాడు కాబట్టి నాకు తెలిసింది.

"పాటలు అందరు ఇంటరక్కా. ఎన్కకెల్లి వచ్చేదాన్ని ఎవరు ఇంటరు? గదే అసలు కథ చెప్తది" అన్నాడు.

ఆ మాటతో రెండో తీగ నా చెవిలో పెట్టాడు. అప్పట్లో మన సినిమాల నేపథ్య సంగీతం విడిగా దొరికేది కాదని మీకు గుర్తుండే ఉంటుంది. పాటల క్యాసెట్లు, సీడీలు వచ్చేవి గానీ, మనుషులు మాట్లాడుకునేటప్పుడు, మాట్లాడలేక ఊరుకున్నప్పుడు వెనక వాయించే దాన్ని ఎవరూ అమ్మలేదు, ఎవరూ అడగలేదు. ఆయన టీవీలో సినిమా వచ్చినప్పుడు తన చైనా ఫోను టీవీ దగ్గర పట్టుకుని, ఇంట్లో అందరినీ నోరుమూసుకొమ్మని, రికార్డు చేసుకునేవాడు. అందుకని ఆయన సంగీతంలో గిన్నెల చప్పుడు, కుక్క అరుపు, ఆయన భార్య, అంటే మా వదిన, కేకలు అన్నీ ఉండేవి. వయొలిన్లు పైకి లేచి లేచి ఇక గుండె ఆగుతుందనిపించే చోట, గ్యాస్ అయిపోయిందని మా వదిన అరుపు వినబడేది. ఆ ముక్క నేను చాలాసార్లు అడిగి పెట్టించుకుని విన్నాను, సంగీతానికో వదినకో ఇప్పుడు చెప్పలేను.

మూడో మనిషి శంషాబాద్‌లో ఎక్కే ఒక చెల్లి. గుంటూరు వైపు అమ్మాయి, విమానాశ్రయం లోపల పుస్తకాల దుకాణంలో కౌంటర్ దగ్గర ఉండేది, తోటి అమ్మాయిలతో కలిసి గది కిరాయికి తీసుకుని ఉండేది. ఆ గదిలో కంప్యూటర్ ఉండడంతో సినిమాల నుంచి సంగీతాన్ని శుభ్రంగా కత్తిరించి, ఫోన్లు దగ్గర పెట్టి మాకు పంపేది. అలా పొద్దున్నే బస్సులో మాకు ఒక పలకరింపు ఏర్పడింది. బాగున్నావా, తిన్నావా అని కాకుండా, "ఇయ్యాల ఏం ఇంటున్నవ్ అక్కా?" అని ఆయన అడిగేవాడు. సినిమా పేరు చెప్పకూడదు, వినిపించాలి, అవతలివాళ్ళు పోల్చుకోవాలి. ఓడిపోయినవాళ్ళు కిటికీ పక్క సీటు వదలాలి. మా ఆట చూసి బస్సులో మిగతావాళ్ళు నవ్వుకునేవాళ్ళు, అప్పుడప్పుడు డ్రైవరు కూడా ముందునుంచే జవాబు చెప్పేవాడు, అదెప్పుడూ తప్పే అయ్యేది.

కొన్నేళ్ళు అలా గడిచాక, ఆయన ఫోను చప్పుడు మరీ పెరిగిందని మొదట చెల్లే గమనించింది. తర్వాత పలకరిస్తే నవ్వడం తప్ప జవాబు చెప్పకపోవడం మొదలైంది. ఒకరోజు ఆయన కడ్డీ మీద తాళం వేస్తూ ఉంటే, తీగ కొస ఫోనులోంచి ఊడి ఒళ్ళో పడి ఉంది. చెల్లి నా మోచేయి గిల్లి చూపించింది. ఆయనకు తెలియలేదు. తాళం మాత్రం తప్పకుండా, ఆగవలసిన చోట ఆగుతూ, అందుకోవలసిన చోట అందుకుంటూ సాగింది. ఆ సంగీతమంతా ఆయన లోపలే నడుస్తోందని మాకప్పుడు అర్థమైంది.

అడిగితే జలుబన్నాడు. వానకాలం పోతే అదే పోతుందన్నాడు. ఉద్యోగం పోతుందన్న భయం ఆయనది, అది తప్పని మేమెవరమూ అనలేకపోయాం. కానీ ఒక పగటిపూట మొక్కలకు నీళ్ళు పెట్టే ట్యాంకరు వెనక్కి వస్తూ హారన్ మోగిస్తే ఆయన కదలలేదు. డ్రైవరు సమయానికి చూసి బ్రేకు వేశాడు కాబట్టి నాటిన మొక్కలు నలగడంతో సరిపోయింది. ఆ ఆదివారమే మా వదిన, ఆయన భార్య, అడ్రసు కనుక్కుని మైలార్‌దేవ్‌పల్లిలో మా ఇంటికి వచ్చింది. ఆవిడ గొంతు అన్నాళ్ళుగా విన్నాను గానీ మనిషిని చూడడం అదే మొదలు. సన్నగా, నెమ్మదిగా ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నా మాట ఇంటలేడు వదినె. నేను ఒర్లితే ఒర్లుతున్న అంటడు గని, ఇనవడ్తలేదని ఒప్పుకుంటలేడు. నువ్వు చెప్తే దవాఖానకు వస్తడు."

చెప్పాను. చెప్పడానికి ఆయన ఎదురుగా నిలబడి, గట్టిగా, పెదాలు కనబడేలా మాట్లాడాల్సి వచ్చింది. నగరంలో పెద్ద దవాఖానకు ఆయన, వదిన, నేను వెళ్ళాం. చెవి నరాలు బలహీనపడ్డాయని, ఆపరేషన్‌తో బాగయ్యేది కాదని, చెవికి మిషను పెట్టుకుంటే మాటలు వినబడతాయని డాక్టరమ్మ చెప్పింది. మిషను పెట్టారు. వదిన ఏదో అంటే ఆయన వెంటనే తిరిగి చూశాడు, వదిన కొంగుతో ముఖం తుడుచుకుంది. తిరిగివచ్చేటప్పుడు బస్టాండులో ఆయన ఫోను తీసి, తనకు బాగా నచ్చిన ముక్క పెట్టుకుని చెవి దగ్గర పట్టుకున్నాడు. కాసేపు విని ఆపేశాడు.

"డబ్బాల రాళ్ళేసి ఊపినట్టున్నదక్కా" అని ఫోను జేబులో పెట్టుకున్నాడు.

మాటలు వినడానికి సరిపోయే ఆ మిషను సంగీతాన్ని మాత్రం పట్టలేకపోయింది. ఆయన పై అధికారికి తన సంగతి తానే చెప్పుకున్నాడు. బండ్లు తిరగని చోట, నర్సరీలో మొక్కలు పెంచే పనికి మార్చారు, ఉద్యోగం నిలిచింది. కానీ బస్సులో మా దగ్గరకు రావడం మానేశాడు, ముందు డ్రైవరు వెనక సీటులో కూర్చునేవాడు. మేమిద్దరం కూడా ఫోన్లు బయటికి తీయలేదు, ఆయన ముందు వినడం మాకు బాగుండేది కాదు. అలా ఎన్ని వారాలు గడిచాయో గానీ, ఒక పొద్దున చెల్లి లేచి వెళ్ళి ఆయన పక్కన కూర్చుని, "అన్నయ్యా, ఇవాళ నేనేం వింటున్నానో అడగరేంటండీ?" అంది. ఆయన తల మాత్రం ఊపాడు. చెల్లి వదల్లేదు. ముందు వేణువు వస్తుందండీ, ఒక్కటే, తర్వాత అది ఆగిపోతుందండీ అని చెప్పుకుంటూ పోయింది. ఆ అమ్మాయికి సంగీతం తెలుసు గానీ చెప్పడం రాలేదు. నేను ఆగలేక వెనకనుంచి అందుకున్నాను.

"పియానో గూడ ఉన్నదన్నా. నల్లా బంద్ అయినంక కారినట్టు, ఒక్కొక్క చుక్క. జర సేపటికి వయొలిన్లు, కచ్చా కుట్టు ఏసినట్టు దూరం దూరం. ఆమె తలుపు తీయంగనే ఇగ మిషన్ కుట్టే, దగ్గర దగ్గర, సందు లేకుండ."

ఆయన వెనక్కి తిరిగి నా పెదాలవైపు చూస్తూ విని, కళ్ళు మూసుకున్నాడు. వేళ్ళు కడ్డీ మీద కదిలాయి. కాసేపటికి, తలుపు తీస్తే ఎదురుగా తమ్ముడు నిలబడి ఉంటాడు, ఆ సినిమానే కదా అన్నాడు. అదే.

ఆ రోజునుంచి ఆట మళ్ళీ మొదలైంది. వినిపించడం పోయి చెప్పడం వచ్చింది. రేపు ఏం చెప్పాలా అని నేను కుట్టుగదిలో పని చేసుకుంటూ వినేదాన్ని. చెప్పాలన్న ధ్యాసతో వింటే అంతకుముందు ఎన్నడూ వినని వాయిద్యాలు వినబడేవి. చిన్నప్పటినుంచీ పాడుతూ వచ్చిన కీర్తనల్లో కూడా, వెనక హార్మోనియం ఏం చేస్తోందో అప్పుడే పట్టుకున్నాను. ఆయన మా మాటలను తన జ్ఞాపకంలో ఉన్న సంగీతంతో జత చేసుకుని పోల్చుకునేవాడు, సాధారణంగా తప్పేవాడు కాదు.

కొత్త సినిమా అయితే ఎలా అన్న సందేహం మాకుండేది, ఎందుకంటే దాని సంగీతం ఆయన జ్ఞాపకంలో ఉండదు. ఒక సెలవురోజు శంషాబాద్‌లో మ్యాట్నీకి మేము ముగ్గురం, వదిన కలిసి వెళ్ళాం. ఆయన మిషను తీసి జేబులో వేసుకుని బొమ్మ చూశాడు. చివర్లో తల్లి దవాఖాన వరండాలో కొడుకు చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడే దృశ్యం ఉంది. హాలంతా దద్దరిల్లేలా వాయిద్యాలు మోగాయి, పక్కనున్న వాళ్ళు ఏడ్చారు, నేనూ ఏడ్చాను. బయటికి వచ్చాక ఆయన మిషను పెట్టుకుని, ఆ చెప్పుల దగ్గర ఏం కొట్టలేదు కదా అని అడిగాడు. చెల్లి నావైపు చూసింది. అవునంటే పోయేది. కానీ ఆయనకు అబద్ధం చెప్పడం ఇద్దరికీ చేతకాలేదు, ఉన్న వాయిద్యాలన్నీ కొట్టారని చెప్పాం.

"అయితే తప్పు కొట్టిండ్రు" అన్నాడు. "ఆమె ఊపిరే ఆగింది. గక్కడ సప్పుడెందుకు?"

వదిన నవ్వింది, మేమూ నవ్వాం, మిర్చి బజ్జీలు తిని ఎవరి ఇళ్ళకు వాళ్ళం పోయాం. చాలా రోజుల తర్వాత ఆ సినిమా టీవీలో వస్తే, ఆ దృశ్యం వచ్చేసరికి నేను చప్పుడు పూర్తిగా తగ్గించి చూశాను. ఆ తల్లి కొడుకు చెప్పులు రెండూ నేలమీద పక్కపక్కన సరిగ్గా పెట్టి, వాటిని ఇంకాస్త దగ్గరగా జరుపుతుంది. అంత చప్పుడులో మొదటిసారి నేనది చూడనేలేదు.

తెలంగాణ వచ్చిన ఏడాది మా కుట్టుగది ఎత్తేశారు, ఉడుపులు బయట కుట్టించడం మొదలుపెట్టారు. అంతకు కొంచెం ముందే చెల్లి పెళ్ళి చేసుకుని విశాఖపట్నం వెళ్ళింది. నేను మళ్ళీ ముందుగదిలో కుట్టుమిషను దగ్గర కూర్చున్నాను. తొండుపల్లి అన్న ఆ నర్సరీలోనే పనిచేసి మానుకున్నాడని, ఇప్పుడు మంఖాల్‌లో కూతురి ఇంటి దగ్గర ఉంటున్నాడని విన్నాను. ఒకసారి శంషాబాద్ సంతలో కనిపించాడు కూడా. చెవిలో మిషను చాలా చిన్నదైపోయింది, దీంట్లో సంగీతం కూడా కొంత వినబడుతోందని చెప్పాడు. సంతోషమన్నాను. ఇద్దరి చేతుల్లోనూ సంచులు బరువుగా ఉండడంతో ఎక్కువసేపు నిలబడలేదు.

ఇప్పుడు ఏ సినిమా సంగీతమైనా విడిగా, నిర్మలంగా దొరుకుతోంది, మా మనవరాలు అడగ్గానే ఫోను దానంతటదే వెతికి పెడుతుంది. ఎవరికి నచ్చింది వాళ్ళ చెవిలో వాళ్ళు పెట్టుకుంటున్నారు, అందులో తప్పేమీ లేదు, నేనూ అలాగే వింటున్నాను. అయితే ఆ ఏళ్ళలో పడిన అలవాటు ఒకటి వదల్లేదు. మంచి వాయిద్యం చెవినపడగానే, అది దేనిలా ఉందో మాటలు నా నోటిదాకా వస్తాయి. ఎదురుగా నా పెదాలవైపు చూసేవాళ్ళు ఉండరు కాబట్టి అక్కడే ఆగిపోతాయి.