జేజి కాలు

నలభై ఏళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డంపడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

జేజి అంటే మా నాయనను కన్నతల్లి. మాది రాయచోటి దగ్గర పల్లె. పంతొమ్మిదివందల యాభైల్లో, నాకు పదహారు నడుస్తున్నప్పుడు, చేలో కలుపు తీస్తూ తీస్తూ జేజి కూలబడింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. కడప ఆసుపత్రిలో తోడుకు నన్ను ఉంచారు. అక్కడి నర్సమ్మ నాకు పని నేర్పింది. పుండ్లు పడకుండా ఒత్తిగిలించడం, కాలిని మడిచి చాపడం, చంక కింద భుజం పెట్టి నిలబెట్టడం. ఈ పని నీకు అబ్బింది అందామె. అంతవరకూ నాకు ఏదైనా అబ్బుతుందని ఎవరూ అనలేదు.

ఇంటికొచ్చాక, నెలకోసారి నర్సమ్మ రాయచోటికి వస్తే జేజిని బండిలో తీసుకుపోయేవాళ్ళం. తక్కిన రోగులకు కట్లు కట్టడానికి ఆమె నన్ను సాయం పెట్టుకునేది. ఆ ఒక్క రోజు కోసం నెలంతా బతికేదాన్ని. మిగిలిన రోజులు ఆ మిద్దె, ఆ గడప. బడి ఎప్పుడో మాన్పించారు. జేజి లేచి తిరగగానే నన్ను మేనమామకు ఇస్తానని నాయన మాట ఇచ్చేశాడు. మామ మంచివాడే. కానీ ఆ ఇంటికీ ఒక గడప ఉంటుంది కదా.

ఐదో నెలలో జేజి కాలి బొటనవేలు కదిలింది. పదిరోజులకు నా భుజం పట్టుకుని నాలుగడుగులు వేసింది. ఇంట్లో ఎవరూ లేరు, అందరూ చేలో ఉన్నారు. ఆమె ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఎందుకు ఏడ్చానో నాకే తెలుసు.

గట్టిపడేదాకా ఎవరికీ చెప్పొద్దన్నాను. ఆ మరుసటి రోజు నుంచి లేపడం మానేశాను. బండి కుదుపు జేజికి పడడం లేదని చెప్పి, చిన్నాయనతో నేనొక్కదాన్నే పోయి, మార్పేమీ లేదని నర్సమ్మకు చెప్పి వచ్చేదాన్ని.

వారం చూసి జేజి అడిగింది.

"ఏమ్మే, ఈ పొద్దు గూడా లేపవా?"

"నర్సమ్మ వద్దనింది జేజీ. తొందరపడితే నరాలు చెడతాయంట."

"అట్లనా. నాకు శానా ఏం వద్దు. పెరట్లోకి నా అంతట నేను పోయొస్తే సాలు." కుడి చేత్తో ఎడమ కాలు సర్దుకుని, "నువ్వు సెప్తే సరేలే. నీకు తెలుసు గదా," అంది.

అవును. నాకు తెలుసు.

ఆరు నెలలు గడిచాయి. మామ ఎదురుచూసి వేరే పిల్లను చేసుకున్నాడు. అప్పుడు మళ్ళీ జేజిని లేపబోయాను. మోకాలు వంగినది వంగినట్టే బిగుసుకుపోయింది. చాపబోతే ఆమె పళ్ళు బిగబట్టింది, కేక మాత్రం పెట్టలేదు. నర్సమ్మ వచ్చి చూసి, కొందరికి ఇంతేనని నన్నే ఓదార్చింది. ఇంత సేవ చేసే పిల్లను కర్నూలులో నర్సు చదువుకు పంపమని నాయనకు చెప్పింది. నాయన ఒప్పుకోలేదు. జేజి రెండు పూటలు అన్నం మానేసి ఒప్పించింది.

నేను కర్నూలులో ఉండగానే జేజి పోయింది. ఆఖరిదాకా చిన్నమ్మ ఎత్తుకునే పెరట్లోకి తీసుకుపోయేదట.

తర్వాత ఎంతమందిని నడిపించానో! పడిపోయినవాళ్ళను నా దగ్గరికే తెచ్చేవాళ్ళు. వాళ్ళు దండం పెడితే తల తిప్పుకునేదాన్ని. భయంతో చేశానా? ఆశతో చేశానా? పదహారేళ్ళ పిల్ల ఇంకేం చేయగలదని ఒక్కోసారి నాకు నేనే సర్దిచెప్పుకుంటాను. కానీ నిజం చెప్పి, పెళ్ళి వద్దని నాయన కాళ్ళు పట్టుకుని ఉండొచ్చు. ఆ ప్రయత్నమైనా చేయలేదు. జేజి కాలును అడ్డం పెట్టుకోవడమే నాకు తేలికైంది.

క్షమించమని అడగడం లేదు. క్షమించవలసిన మనిషి లేదు. జేజికి కాలు రాలేదని ఇన్నేళ్ళూ అందరికీ చెప్పాను. వచ్చింది. నేనే నడవనివ్వలేదు.

ఈ మాట రాసి, ఒకసారి పైకి చదువుకున్నాను. నా గొంతుతోనే విన్నాను.