ఎర్ర హాల్లో ఒక పద్యం

సెంట్రల్ స్టేషను ఎదుట, రోడ్డుకు ఇవతల నిలబడితే ఈ ఊరి గొప్పంతా ఒక్క చూపులో అయిపోతుంది. కుడిచేతి వైపు గడియారం గోపురంతో ఎర్ర స్టేషను, ఎడమవైపు కార్పొరేషన్ తెల్లమేడ, నడుమ ఎర్ర ఇటుకల నాటకాల హాలు. పక్కన పాత పుస్తకాలమ్మే మార్కెట్టు ఉండేది. అది తగలబడిపోయింది, ఆ జాగాలో ఇప్పుడు లోకల్ రైళ్లు ఆగుతాయి. మెట్రో కోసం అంతా తవ్వి, ఏళ్ల తరబడి రేకులు కట్టి, చివరికి రాళ్లు పరిచి స్క్వేర్ అన్నారు. మిట్టమధ్యాహ్నం ఆ రాళ్ల మీద చెప్పుల్లేకుండా నిలబడమనండి చూద్దాం.

మా నాన్న అంబత్తూరులో లేతు మిషను మీద పనిచేసి రిటైరైన మనిషి. మా కాపురం తొండియార్‌పేటలో. పెళ్లికి ముందు ఆయన ఆ ఎర్ర హాల్లో తెలుగు నాటకాల్లో రాజు వేషాలు కట్టేవాడు. పద్యం నచ్చితే జనం వన్స్‌మోర్ అని అరిచేవాళ్లు. అప్పుడు చచ్చిపడిన రాజైనా సరే, లేచి మళ్లీ పాడి మళ్లీ చావాల్సిందే. ఒకే ఆటలో రెండుసార్లు చచ్చానని నాన్నకు ఇప్పటికీ గర్వం. అసలు పద్యమంటే మాటలు కాదనేవాడు. ఆఖరి మాట దగ్గర ఊపిరి పీల్చుకుని, అక్కణ్ణించి రాగం ఎత్తుకోవాలి. జనం టిక్కెట్టు కొనేది ఆ రాగానికేనట.

తర్వాత హాలు మూతపడింది. నేను పుట్టి పెరిగి, నా పిల్లలు అరవంలో పోట్లాడుకునేంత వాళ్లయ్యేదాకా దాని తలుపు తీసి ఉండగా చూడలేదు. మొన్నీమధ్య బాగుచేసి, జనం చూడ్డానికి తెరిచారు. సరిగ్గా అప్పుడే నాన్న గొంతులో గడ్డ ఉందన్నారు. తీసేశాక గొంతు ఎలా ఉంటుందో చెప్పలేం అన్నాడు డాక్టరు. ఆసుపత్రి నుంచి ఇంటికొస్తూ నాన్న అడిగింది ఒకటే.

"ఆపరేషనుకు ముందర ఆడ ఒక్క పద్యం పాడొస్తానమ్మా."

పాత కట్టడాలు తిప్పి చూపించే ఒక గుంపుతో కలిసి వెళ్లాం. తిప్పే అమ్మాయి ఇంగ్లీషులో ఏ గోడ ఎవరు కట్టారో, ఏ దొర ఎప్పుడొచ్చాడో చెప్పుకుపోయింది. తెలుగు నాటకాల ఊసు ఒక్క ముక్కలో దాటేసింది. గుంపులో ఆంధ్రా నుంచి వచ్చి ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసుకుంటున్న జంట ఉంది. మా మాటలు విని సంబరంగా దగ్గరికొచ్చారు.

"మీదే ఊరండీ?" అన్నాడు అబ్బాయి.

"ఈ ఊరే నాయనా."

"అది కాదండీ, అసలు ఊరు?"

నాన్న నవ్వి ముందుకు నడిచాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఈ ఊళ్లో ఎన్ని తరాలు బతికినా మమ్మల్ని అసలు ఊరు అడగడం ఎవరూ మానరు, మనవాళ్లతో సహా.

పైఅంతస్తులో స్టేజీ చూడగానే నాన్న నడుం నిటారైంది. నేను ఆ అమ్మాయిని బతిమాలాను. "ఒక్క నిమిషమే అంకుల్," అని ఒప్పుకుంది పాపం. నాన్న చెప్పులు విడిచి, స్టేజీని తాకి కళ్లకద్దుకుని, ఎక్కి నిలబడ్డాడు. జంట ఫోను పైకెత్తింది. గొంతు అప్పటికే జీరపోయింది, అయినా మాట మాటా గోడకు తగిలి తిరిగొచ్చింది. పద్యం ఆఖరి మాట పలికాడు. కళ్లు మూసి, కుడిచెయ్యి చెవి దగ్గర పెట్టుకుని ఊపిరి పీల్చాడు.

అప్పుడు చప్పట్లు కొట్టారు. ముందు కొట్టింది మన తెలుగు జంటే. అయిపోయిందనుకున్నారు. "సూపరండీ అంకుల్," అన్నాడు అబ్బాయి. మిగతావాళ్లూ అందుకున్నారు. గుంపు కిందికి కదిలింది. పీల్చిన ఊపిరి నాన్న అలాగే వదిలేసి, చెప్పుల కోసం వెతుక్కున్నాడు.

బయట రాళ్ల మీద నడుస్తూ నేనే మెల్లగా వన్స్‌మోర్ అన్నాను.

"చచ్చినోడు లేచి పాడాలంటే జనం ఆడ కూర్చోని ఉండాల గదమ్మా," అన్నాడు. "పోదాం పద, ఎండ ఎక్కతా ఉంది."

ఆపరేషను జరిగింది. ప్రాణానికి భయం లేదన్నారు. నాన్న ఇప్పుడు గుసగుసగా మాట్లాడతాడు, మంచినీళ్లు కావాలన్నా చెవి దగ్గర పెట్టి వినాలి. ఆ జంట వీడియో పంపించారు, పాపం మంచివాళ్లే. దాన్ని ఇంట్లో ఎవరం నాన్న ముందు పెట్టం. అందులో పద్యం ఉంది. రాగం ఎత్తుకోబోయిన ఊపిరి కూడా ఉంది. ఆ తర్వాత చప్పట్లే, చివరిదాకా.